మొదటి రాయి పెద్దనాయనకు

"తాతా, ముంతాజు అత్త పొద్దున వచ్చి పోయినప్పటినుంచి ఆ కాయితం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నావు. మక్కాలో సైతానుకు రాళ్ళు వేసే వరస అంట గదా దాంట్లో. ఆ వరసతో నీకేం పని తాతా?"

నాకేం పనా. అట్ల అడుగుతావా. ఫోను పట్టుకొనుండావు గదా, దగ్గరికి పెట్టు, నా మాట బాగా పట్టనీ. మక్కాలో సైతానుకు రాళ్ళు వేసే వరస ఉండాదే, అది ఈ కోవిల్పట్టి మొదలుకొని విరుదునగరం దాకా నాకు తెలిసినంత శుద్ధంగా ఇంకొకనికి తెలీదు. బక్రీదు పొద్దు ఏ రాయి, మర్నాడు ఏ రాయి, యాడ నిలబడి దువా చెయ్యాల, యాడ నిలబడకుండా పోవాల, అడుగు చెప్తాను. మసీదు అజ్రత్తు గూడా నా దగ్గర కూర్చొని పాఠం చెప్పించుకొని పోవచ్చు.

సరే, సరే. నవ్వుకో. నేను మక్కా చూసినానా అంటే చూళ్ళేదు. మనోళ్ళను ఆ ఊర్లోకి రానీరు గూడా. మదురై దాటింది నా బతుకులో రెండే సార్లు, రెండుసార్లూ పెద్దాసుపత్రికే. ఇంక, ఈ వరస నేను నేర్పింది ఎంత మందికి అనుకొంటివి? ఒకే ఒక్క మనిషికి. ఆ మనిషి అంత దూరం పోయి, నేను నేర్పినట్లే, అచ్చం నేను నేర్పినట్లే, తలకిందులుగా చేసి వచ్చినాడు.

మన ముంతాజు వాళ్ళ నాయన. కాదరు బాయి. నువ్వు చూసుండవు, నువ్వు పుట్టకముందే పోయినాడు. వాండ్లు నాయనను అత్తా అంటారు. మొదటిసారి నేను వాండ్ల ఇంటికి పోయినప్పుడు, ముంతాజు చిన్నబిడ్డ, "అత్తా, అత్తా" అని లోపలికి పరిగెత్తె. నేను ఎవరో ఆడమనిషి వస్తుందని పంచె సరి చేసుకొని లేచి నిలబడితిని. వచ్చింది చూస్తే గడ్డంతో కాదరు. దానికి అతడు నన్ను ఇరవై ఏండ్లు ఎగతాళి చేసినాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా, నేనూ చేసినాను. మాది అట్లాంటి సావాసం. నోరు తెరిస్తే ఎకసెక్కమే.

అతడు పత్తి దళారి. కోవిల్పట్టిలో రైలు గేటు అవతల చిన్న గోదాము ఉండె. మన కరిసల్ నల్లనేల పత్తి అంతా అతని చేతిమీద పోయేది, పుదూరు మొదలుకొని అరుప్పుకోట్టై దాకా. పత్తి గుప్పెట్లోకి తీసుకొని, రెండు బొటనవేళ్ళ నడమ పెట్టి ఇట్ల లాగి, పోగు పొడుగు చూసి చెప్పేవాడు, ఇది ఏ చేనిది, ఏ వానకు పండింది అని. ఇంకొక సంగతి. మన మాట, తెలుగు, బాగా మాట్లాడేవాడు. బయట ఎవుడన్నా మన మాట మాట్లాడతాడా చెప్పు? మనమే బస్సెక్కితే అరవంలోకి మారిపోతాము. అతడు మాత్రం మన ఇండ్లలో పత్తి కొనాల గదా, ఆడోళ్ళ దగ్గర మాట్లాడాల గదా, అట్ల నేర్చుకొన్నాడు. "ఏం నాయకరే, ఇంటోళ్ళు బాగుండారా" అని వాకిట్లో దిగేటప్పటికే మీ అవ్వ మజ్జిగ చెంబుతో నిలబడుండేది. అప్పట్లో కోవిల్పట్టికి బస్సు ఎంత అనుకొంటివి? డెబ్బై ఐదు పైసలు. కాదు కాదు, అది ఇంకా ముందు. ఆ కాలానికి రెండు రూపాయలు అయిండె. యాదికి రాలేదు, విడువు.

ముంతాజు పెండ్లి విరుదునగరంలో చేసి పంపినాడు. తర్వాత వీవి, అంటే అతని ఇంటామె, పోయింది. ఒంటిమనిషి. అప్పుడు మొదలు పెట్టె, హజ్జుకు పోవాల, హజ్జుకు పోవాల అని. పోయినాడు. ఇప్పటికి ఇరవై నాలుగో ఇరవై ఐదో ఏండ్లయింది.

హజ్జుకు పోయేవాండ్లు ముందు ఏం చేస్తారో తెలుసునా? ఊరూరు తిరిగి, తెలిసినోళ్ళందరి దగ్గరా మన్నింపు అడుగుతారు. నా వల్ల ఏమన్నా తప్పు జరిగుంటే విడిచిపెట్టు, అది మనసులో పెట్టుకొని నేను పోకూడదు అని. కాదరు మన ఇంటికి గూడా వచ్చె. వాకిట్లో మంచంమీద కూర్చొని, నా చెయ్యి పట్టుకొని అడిగె. నేను ఊరకుంటానా? "బాయీ, తూకంలో ఎన్నిసార్లు వేలు పెట్టినావో చెప్పు, అన్నీ ఒకటే మాటుగా విడిచిపెడతాను" అంటిని. అతడు నవ్వినాడు. నవ్వుతుంటే కండ్లలో నీళ్ళు వచ్చె. నేను అప్పుడు చూళ్ళేదు ఆ నీళ్ళను. అంటే, చూసినాను. చూసి, కంటికి శస్త్రం చేసినారు గదా, అందుకు కారుతుందనుకొంటిని.

అదీ, ఆ కన్నే ముఖ్యం ఈ కథలో. పోయే ముందు పొర తీసినారు అతనికి. ఇంకా సరిగ్గా ఆరలేదు. సన్న అచ్చు కనిపించదు, చుట్టూ తెల్లగా పొగ మాదిరి ఉందనేవాడు. విరుదునగరంలో హజ్జు పోయేవాండ్లకు వకుపు, అంటే పాఠం చెప్పేది, పెట్టినారు, ఒక ఆదివారం. ఎట్ల చుట్టాల, ఏం కట్టుకోవాల, రాళ్ళు ఎట్ల వెయ్యాల, అన్నీ చెప్పి ఒక కాయితం ఇచ్చినారు. సాత్తూరు దగ్గర బస్సు చెడిపోయి కాదరు పోయేటప్పటికి సగం అయిపోయింది. కడా వరసలో కూర్చున్నాడు, పైన ఫాను గరగర, ఎడం చెవి అతనికి కొంచెం మందం. సైతాను అని రాళ్ళు వేసేది ఆడ మూడు రాతి కంబాలకు, పెద్దది, నడిపిది, చిన్నది. ఇతనికి వినబడింది ఒకటే ముక్క, "మొదటి పొద్దు పెద్దదానికి మాత్రం ఏడు రాళ్ళు." మిగిలిందంతా కాయితంలో ఉండాది, చదువుకోండి అన్నారంట.

విరుదునగరంలోనే బిడ్డ ఇల్లు ఉండె గదా, ఆయమ్మి చదివి చెప్పేది గదా అంటావు. నేనూ అదే అడిగితిని. "నాయకరే, మా సంబంధి, బిడ్డ మామ, ముందే హజ్జు పోయొచ్చిన మనిషి. వాండ్ల నట్టింట్లో కూర్చొని, నాకు తెలీదు, నాకు కనిపించలేదు అని ఎట్ల చెప్పేది? నువ్వు చదివి చెప్పు. నీ దగ్గర నాకేం సిగ్గు" అనె.

నీ దగ్గర నాకేం సిగ్గు. ఆ మాట అనె పాపా.

ఆ కాయితమే ఇది. చూడు, మడతలు పడి మూలల్లో చిరిగింది. నేను వాంగుకొంటిని. చేతిలోకి తీసుకొని, వెలుతురు చూసుకొని, దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, గొంతు సరిచేసుకొని, చెప్తిని. మొదటి పొద్దు పెద్దదానికి ఏడు. మర్నాడు మూడింటికీ. ముందు పెద్దది, తర్వాత నడిపిది, కడాన చిన్నది. ఏడేసి రాళ్ళు.

ఉండు, ఉండు, చెప్తాను. నీకు తెలుసు, ఫోనులో చూసేసినావు. వరస అట్ల కాదు. మొదటి పొద్దు పెద్దది ఒకటే, అది సరి. మర్నాటి నుంచి ముందు చిన్నది, తర్వాత నడిపిది, కడాన పెద్దది. చిన్నదానికి వేసినాక ఓరగా నిలబడి దువా. నడిపిదానికి వేసినాక మళ్ళా నిలబడి దువా. పెద్దదానికి వేసినాక నిలబడేది లేదు, వచ్చిన దారిన పోవాల. ఇప్పుడు నాకు తెలుసు. బాగా తెలుసు.

కాయితంలో సరిగ్గానే ఉంటే నేనెందుకు తప్పు చెప్పినాననా? అది... అచ్చు సన్నగా ఉండె. పొద్దు గూడా వాలింది. అదిగాక నువ్వే ఆలోచన చెయ్యి, మన ఇండ్లలో ఎప్పుడన్నా చిన్నోనికి ముందు పెడతారా? తాంబూలమా, పెద్దనాయనకు ముందు. పెండ్లిబట్టలా, పెద్దనాయనకు ముందు. తొలి కొండ్ర ఎవరి చేనులో, పెద్దనాయన చేనులో. తర్వాత నడిపినాయన, తర్వాత చిన్నాయన. దీపావళికి తలకు నూనె పెట్టేది గూడా ఆ వరసే. మొదటి పొద్దు పెద్దదానికే అని వాండ్లే చెప్పినారంట, మర్నాడు మాత్రం ఎందుకు మారుతుంది? మర్యాద ఎవరికైనా మర్యాదే గదా, సైతానుకైనా. అట్ల నా బుర్రలో ఉండె. అట్ల చెప్తిని.

చెప్పి ఊరకుంటినా? లేదు. బడి వాద్యారు అయిపోతిని. "బాయీ, నోటితో నేర్చుకొంటే మరిచిపోతావు, కాలితో నేర్చుకో" అని కళ్ళం దగ్గరికి పిలుచుకొని పోతిని. ఎద్దులు కట్టేదానికి మూడు రాతి గుంజలు నాటుండె ఆడ, ఒకటి నిలువెత్తు, ఒకటి నడుమెత్తు, ఒకటి మోకాలెత్తు. దేవుడే చేసిపెట్టినట్ల ఉండె. వాటికి పేర్లు పెడితిని. మా నాయనకు ముగ్గురు అన్నదమ్ములు గదా, బావికాడ నేల పంచేటప్పుడు ఏతంతో సహా ఎత్తుకొన్నోళ్ళు. పెద్దది పెద్దనాయన, మధ్యది నడిపినాయన, పొట్టిది చిన్నాయన. "నాయకరే, సైతానుకు మీవాండ్ల పేర్లు పెట్టొద్దు, పాపం" అని కాదరు. "ఎవరికి పాపం, సైతానుకా" అని నేను. వాడు కింద కూర్చొని నవ్వినాడు, పొట్ట పట్టుకొని.

రాళ్ళకు మళ్ళా కష్టం వచ్చె. మన కరిసల్లో కుక్కను అదిలించాలన్నా పక్క ఊర్నుంచి రాయి తెచ్చుకోవాల. అది శనగ కొట్టే కాలం. కళ్ళం నిండా శనగలు. మక్కాలో వేసేవి గూడా శనగగింజకంటే ఒక సుట్టు పెద్దవే అంట. ఇరవై ఒక్క శనగలు లెక్కపెట్టి చేతిలో పోసి, "పో, పెద్దనాయనకు ముందు" అనేవాణ్ణి. అతడు "అల్లాహు అక్బర్" అని ఒక్కొక్కటి వేసేవాడు, వెనకాల మీ అవ్వ కోళ్ళు ఏరుకొని తినేవి. ఎనిమిది పొద్దులు అట్ల చేసినాము. కడా పొద్దు నేను కంటికి తుండు కట్టినా గూడా అతడు తప్పకుండా పోయి వేసినాడు, పెద్దనాయన, నడిపినాయన, చిన్నాయన. మనోళ్ళు చేలల్లోనుంచి వచ్చి చూసి చప్పట్లు కొట్టిరి. నేను మీసం దువ్వుకొంటిని.

వినే ఉండావా? ఆ చెంబు ఇట్ల ఇయ్యి.

అతడు పోయేటప్పుడు కోవిల్పట్టి స్టేషనుకు నేనూ పోతిని. మాలలు, అత్తరు, ఏడుపులు. నేను రెండు పొట్లాలు వేరుశనగ కడలమిట్టాయి తీసుకొని పోయి చేతిలో పెడితిని. రైలు కదిలేటప్పుడు కిటికీలోనుంచి మూడు వేళ్ళు చూపించినాడు, పొడుగు వేలు మొదలుపెట్టి వరసగా మడిచినాడు. నేను తల ఊపితిని.

ఇంక ఆడ జరిగింది అతడు చెప్పిందే. బక్రీదు పొద్దు వాండ్ల జనంతో కలిసి పోయి పెద్దదానికి వేసినాడు. ఏం ఇబ్బంది లేదు. మర్నాడు మధ్యాన్నం మళ్ళా పోయినారు. జనం, జనమంటే జనం. అప్పట్లో ఇప్పటి మాదిరి కట్టడం లేదు గదా, వచ్చేవాండ్లు, పోయేవాండ్లు ఎదురూబొదురూ. ఎవుడో తోసినాడు, చెప్పు పోయింది, చెప్పుకోసం వంగితే వాండ్ల జనం గుర్తుకు పట్టుకొన్న జెండా కనిపించకుండా పోయింది. ఒంటిగా నిలబడినాడు. అరబ్బీ రాదు, కన్ను పొగ. పక్కనోణ్ణి అడగొచ్చు. అడగలేదు. ఎందుకు అడుగుతాడు? నాకు వరస తెలుసు గదా అని ధైర్యం. ముందు చిన్నది వచ్చె దారిలో, దాన్ని దాటుకొని పోయినాడు. నడిపిదాన్ని దాటుకొని పోయినాడు. పోయి పెద్దదానికి వేసి, ఎదురు జనంలో తోసుకొంటూ వెనక్కి వచ్చి నడిపిదానికి వేసి, ఇంకా వెనక్కి వచ్చి చిన్నదానికి వేసినాడు. ఎదురు రావడంలో మోచెయ్యి చీరుకొనింది, ఒక కాలు వాచింది. "అందరూ ఇట్ల పోతుంటే నేను ఒకణ్ణి అట్ల పోతుంటిని నాయకరే. అంత మందిలో నాకొకనికే సరిగ్గా తెలుసు అనుకొంటిని" అని చెప్పినాడు తర్వాత.

రాత్రికి జొరం. మర్నాడు లేవలేదు. ఒంట్లో బాగలేనోళ్ళకు బదులు వేరేవాండ్లు వెయ్యొచ్చంట, వాండ్ల జనంలో ఒకతను ఇతని బదులు వేసినాడు. అందుకే సరైన వరస కంటితో చూసే యోగం లేకపోయె. చూసుంటే ఆడనే తెలిసిండేది, ఆడనే సరిచేసుకొనేవాడు.

తెలిసింది యాడ అంటే విరుదునగరంలో. సంబంధి ఇంట్లో విందు. హజ్జు నుంచి వచ్చిన మనిషి అని అందరినీ పిలిచినారు. నన్నూ పిలిచిండె, కూర్చున్నాను ఒక మూల. కాదరు కత మాదిరి చెప్తుండాడు, జనం, చెప్పు, జెండా, మోచెయ్యి. అందరూ ఆ ఆ అని వింటుండారు. "ముందు పెద్దదానికి వేసి వెనక్కి వస్తుంటిని" అనె. సంబంధి చేతిలో పరోటా ముక్క ఉండె, దాన్ని పళ్ళెంలో పెట్టి, "ఏమంటివి? ముందు పెద్దదానికా?" అనె. అంతే. నవ్వినా బాగుండును. ఎవురూ నవ్వలేదు. సంబంధే వేళ్ళు చాపి, చిన్నది, నడిపిది, పెద్దది అని చిన్నపిల్లోనికి చెప్పినట్ల చెప్పె. "రెండు పొద్దులు నేర్చుకొని పోవద్దా? ఇంత చేసి, ఇంత పోయి..." అని నిలిపినాడు. ముంతాజు తలుపు పక్కన గిన్నె పట్టుకొని నిలబడుండె. ఆ బిడ్డ మొగం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నేనా? నేను నీళ్ళు తాగుతుంటిని. చాలాసేపు తాగుతుంటిని.

అట్ల కాదు, నేర్పింది నేను, ఈ తెలివితక్కువ నాయకరు, మా గుంజలు, మా శనగలు అని అప్పుడే లేచి చెప్పుంటే ఏమయ్యేది? అందరూ నవ్వి ఉండేవాండ్లు. కాదరే ముందు నవ్వి ఉండేవాడు. నా దగ్గర నవ్వించే మాటలు ఎప్పుడూ బస్తా నిండా ఉండేవి పాపా. ఆ ఒక్క పొద్దు బస్తా విప్పలేదు.

కోవిల్పట్టి అజ్రత్తు దగ్గరికి పోయి అడిగినాడంట. ఆయన మంచిగానే చెప్పినాడు, హజ్జుకు ఏమీ కాలేదు, వరస తప్పితే మన పద్ధతిలో అంత పెద్ద దోషం లేదు, మనసు పాడు చేసుకోవద్దు అని. సంబంధి మాత్రం, లేదు, దానికి ఒక మేక కొయ్యించాల అని. కాదరు మర్సటేడు పోయేవాండ్ల దగ్గర చెప్పి అదీ చేయించినాడు. మేక అయిపోయింది. మనసు అయిపోలేదు.

ఒక పొద్దు మన ఇంటికి వచ్చె. మజ్జిగ వద్దనె. జేబులోనుంచి ఈ కాయితం తీసె. "నాయకరే, ఇంకొకసారి చదువు. రాళ్ళ సంగతి దాంట్లో ఎట్ల ఉండాది?" అనె. నేను వాంగుకొంటిని. అప్పటికి నాకు సరైన వరస తెలుసు గదా, విరుదునగరంలో అందరి ముందరా విన్నానే. కాయితంమీద వేలు పెట్టి, గట్టిగా, "ముందు చిన్నది, తర్వాత నడిపిది, కడాన పెద్దది" అని చదివితిని. చదివి, "చూడు బాయీ, ఆ పొద్దు గూడా నేను ఇట్లనే చెప్పిండాను. నువ్వే అటూఇటూ చేసుకొన్నావు. ముసలితనం" అని నవ్వితిని.

నేను చదువుతుంటే అతడు నా మొగం చూళ్ళేదు. నా వేలు చూస్తుండె. వేలు యాడ ఉండాదో దాన్నే చూస్తుండె. కాయితం మెల్లగా తీసుకొని, నాలుగు మడతలు చేసి, "సరే నాయకరే. నా బుర్రే తప్పు" అని లేచె. లేచేటప్పుడు అతని చొక్కా జేబులో చూసినాను. కొత్త కండ్లద్దాలు ఉండె, డబ్బాతో సహా.

అద్దాలున్న మనిషి నన్నెందుకు చదవమన్నాడు? ఇరవై ఏండ్లుగా ఇదే. చేనులో ఇదే, తిండి దగ్గర ఇదే.

ఆ తర్వాత అతడు మన ఊరికి రావడం నిలిపినాడు. తగువా, ఏం లేదు. తగువు పడుంటే నేను పోయి రెండు మాటలని, నాలుగు మాటలు తిని, సరి చేసుకొందును. పత్తికి వేరే మనిషిని పంపేవాడు. "నాయకర్ను అడిగినానని చెప్పు" అని చెప్పి పంపేవాడు. బస్టాండులో ఎదురుపడితే నిలబడి, ఇంటోళ్ళు బాగుండారా అని అడిగేవాడు, అరవంలో. అది నీకు అర్థమవుతుందా? అరవంలో అడిగేవాడు. ఇరవై ఏండ్లు నాతో మన మాట మాట్లాడిన మనిషి.

నాలుగేండ్లకు పోయినాడు. నేను పోతిని. మట్టి వేసేటప్పుడు వాండ్లు ఒక్కొక్కరూ మూడు పిడికిళ్ళు వేస్తారు. నన్నూ వెయ్యమన్నారు, దగ్గర మనిషి అని. మూడు పిడికిళ్ళకు పెద్దదీ చిన్నదీ అని వరస ఏం లేదు. ఎట్ల వేసినా సరే. నాకు చెయ్యి లేవలేదు.

ఇంక ఈ పొద్దు. ముంతాజు ఎందుకు వచ్చిందో నీకు తెలుసు. ఆయమ్మీ ఆయమ్మి ఇంటాయనా ఈసారి హజ్జుకు పోతుండారు, మన్నింపు అడిగేదానికి వచ్చె. "మామా, నా వల్ల ఏమన్నా తప్పుంటే విడిచిపెట్టు" అని మంచంమీద నా కాళ్ళ దగ్గర కూర్చునె. వాండ్ల నాయన కూర్చున్న తావే, అదే మంచం. ఇప్పుడు ఆడ గోడలు కట్టి, అంతస్తులు వేసి, ఒకే దారి పెట్టినారంట. చిన్నది, నడిపిది, పెద్దది, దారే పిలుచుకొని పోతుందంట. "ఇప్పుడు తప్పు చెయ్యాలన్నా చెయ్యలేము మామా" అని నవ్వె. నేనూ నవ్వితిని. దాన్ని కట్టినోళ్ళు ఇంకొక నాలుగేండ్లు ముందే కట్టుండకూడదా.

పోయేముందు సంచిలోనుంచి ఇది తీసె. వాండ్ల అత్తా హజ్జులో నడుముకు కట్టుకొన్న పట్టీ వెతుకుతుంటే, కురాను చుట్టిన గుడ్డలో దొరికిందంట. "వెనక నీకు రాసి పెట్టినాడు మామా. పైన నీ పేరుంది. నేను చదవలేదు. వేరేవాండ్లకు రాసింది చదవకూడదని అత్తానే చెప్పేవాడు" అని నా చేతిలో పెట్టి, మొగం చూస్తూ కూర్చునె.

చూడు, ఇట్ల తిప్పు. ఇవి, ఇవి. ఏడు వరసలు. నీలం సిరా. నేను ఏం చేసినాననుకొంటివి? అద్దాలు పెట్టుకొని, పెదవులు కదిలిస్తూ, వరస వరసగా తల తిప్పి, కడాకు వచ్చినాక నవ్వితిని. "మీ అత్తాకు కడాదాకా ఎకసెక్కమే" అంటిని. "కోపంగా ఏం రాయలేదా మామా?" అని ఆ బిడ్డ. "కోపమా, నా మీదనా" అంటిని. ఆయమ్మికి ఎంత నెమ్మదో. లేచి, కండ్లు తుడుచుకొని, చల్లగా పోయింది. నాయన్ను మోసం చేసిన మంచంమీదనే కూతుర్నీ మోసం చేసి పంపినాను, అదీ మన్నింపు అడిగేదానికి వచ్చిన బిడ్డను.

పొద్దున్నుంచి నువ్వు ఎగతాళి చేస్తుండావు గదా, తాత ఒక కాయితాన్ని నాలుగు గంటలు చదువుతుండాడు అని. ఆ ఫోను ఇంక నిలిపెయ్యి. నిలపవా? సరే, ఉండనీ. ఇన్నేండ్లు దాచింది ఎవరికోసం.

నన్ను బడికి పంపింది మూడు నెలలు. ఇంట్లో మన మాట, పలకమీద అరవం. వాద్యారు ఒక అక్షరం చూపించి ఏందిరా ఇది అంటే, నేను మన మాటలో ఏదో అంటిని, పిల్లోళ్ళు నవ్విరి, వాద్యారు చేతిమీద కొట్టె. నవ్వేవాండ్ల పక్కన ఉండాల, నవ్వించుకొనే పక్కన ఉండకూడదు అని ఆ పొద్దే తేల్చుకొంటిని. బర్రెల వెనక పోతిని. తర్వాత అందరికీ ఎనిమిదో తరగతి అని చెప్తిని. సంతకం చేస్తాను, అది బొమ్మ గీసినట్ల గీస్తాను. బస్సును నెంబరుతో పడతాను. టీ అంగట్లో పేపరు పట్టుకొని పక్కనోణ్ణి "ఏమయ్యా, చూసినావా ఈ అన్యాయం" అంటే వాడే అంతా చెప్తాడు. మీ అవ్వకు గూడా తెలీదు. మీ నాయనకు తెలీదు.

కాదరుకు తెలిసుంటుంది. నా వేలు చూసినాడు గదా.

ఇందా, వాంగుకో. మెల్లగా చదువు, ఏం రాసుంటే అది చదువు, తిట్టుంటే తిట్టే చదువు. నాకు చదవను రాదు పాపా.